అమ్మ కువైట్‌కు ఎందుకు వెళ్లింది?

ఈ సంచికకు వచ్చిన ఉత్తరాలలో మూడు ఒకే విషయానికి, ఇంటివారిని వదిలి పని కోసం కువైట్‌కు పోవడానికి, సంబంధించినవి కావడం వల్ల వాటిని ఒకచోట చేర్చి జవాబులు రాస్తున్నాను. రాసినవారి కోరిక మేరకు వారి పేర్లు, పల్లెల పేర్లు తొలగించాము.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నేను తిరుపతిలో ఒక ప్రైవేటు పాఠశాలలో తెలుగు ఉపాధ్యాయురాలిని. మా సొంత ఊరు పీలేరు దగ్గర ఒక చిన్న పల్లె. 2003లో, నాకు ఎనిమిదేళ్ల వయసులో, మా అమ్మ ఇంటిపని వీసా మీద కువైట్‌కు వెళ్లింది. రెండేళ్లలో తిరిగి వచ్చేస్తానని మా అవ్వతో చెప్పిందట. నాతో మాత్రం ఏమీ చెప్పలేదు. నేను నిద్రపోతుండగా తెల్లవారుజామున బయలుదేరి వెళ్లిపోయింది. ఆమె పూర్తిగా తిరిగి వచ్చింది 2017లో. మధ్యలో నాలుగుసార్లు సెలవు మీద వచ్చింది. నా సమర్తకు ఆమె రాలేదు, పట్టుబట్టలూ డబ్బూ వచ్చాయి.

మా నాయన రెండు బోర్లు వేయించాడు. రెండింటిలోనూ నీళ్లు పడలేదు. ఆ ఎనభై వేల రూపాయల అప్పు కోసమే అమ్మ వెళ్లిందని అందరూ అంటారు. ఏజెంటుకు కట్టడానికి మరో నలభై వేలు తెచ్చారు. వడ్డీ నూటికి నెలకు మూడు రూపాయలు. అమ్మకు మొదట్లో నలభై దీనార్ల జీతం. ఆ సంపాదనతోనే మా ఇల్లు నిలబడింది, నేను పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. దాకా చదివాను. ఆ కృతజ్ఞత నాకు లేదని అనుకోకండి.

ఇప్పుడు అమ్మ నా దగ్గరే ఉంటోంది. నా ఐదేళ్ల కూతురికి జడ వేస్తుంది, బడికి తీసుకువెళుతుంది, రాత్రి పక్కన పడుకోబెట్టుకుని కథలు చెబుతుంది. చూసి సంతోషించవలసింది పోయి, నాకు మనసు కలుక్కుమంటుంది. నాకు దొరకని అమ్మ నా కూతురికి దొరికింది కదా అనిపిస్తుంది. ఒకరోజు ఉండబట్టలేక "నన్ను ఇడిసిపెట్టి ఎందుకు పోతివిమా?" అని అడిగేశాను. "అంతా నీ కోసరమే గదమ్మీ" అని ఏడ్చి, రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. మళ్లీ అడిగే ధైర్యం లేదు, అడగకుండా ఉండడమూ నా వల్ల కావడం లేదు. ఆమె నిర్ణయాన్ని నేను ఎలా అర్థం చేసుకోవాలి?
— ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: అమ్మాయీ, మీ ఉత్తరాన్ని ఒకటికి రెండుసార్లు చదివాను. మీ అమ్మగారు ఒక నిర్ణయం తీసుకున్నారనీ, దాన్ని మీరు ఒప్పుకోవడమో తప్పుపట్టడమో తేల్చుకోవాలనీ మీరు అనుకుంటున్నారు. కానీ మీరు రాసిన వివరాలను బట్టి చూస్తే అక్కడ కనీసం మూడు నిర్ణయాలున్నాయి: 2003లో వెళ్లడం, మీకు చెప్పకుండా వెళ్లడం, రెండేళ్లు గడిచాక కూడా తిరిగి రాకపోవడం. చుట్టుపక్కలవారు మీకు ఇన్నేళ్లుగా చెబుతున్న జవాబు మొదటిదానికి మాత్రమే సరిపోతుంది. మిగిలిన రెండూ ఎవరూ ముట్టుకోకుండా ఉండిపోయాయి కాబట్టే, ఎన్నిసార్లు విన్నా ఆ జవాబు మీకు తృప్తి ఇవ్వడం లేదు.

మొదట 2003 సంగతి చూద్దాం. ఆ నిర్ణయాన్ని ఈనాటి తిరుపతిలో కూర్చుని తూచకూడదు. 2002లో దేశమంతటా నైరుతి వర్షపాతం సాధారణం కంటే సుమారు 19 శాతం తక్కువగా కురిసింది. వానను నమ్ముకుని వేరుశనగ వేసే మన పడమటి మండలాలలో ఆ ఏడాది ఎలా గడిచి ఉంటుందో మీ నాయనగారికి చెప్పనవసరం లేదు. చిత్తూరు సహకార డెయిరీ మూతపడింది కూడా ఆ సంవత్సరమే. ఉపాధి హామీ పథకం అప్పటికి లేదు. అది 2006 ఫిబ్రవరిలో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. ఆరోగ్యశ్రీ 2007లో వచ్చింది. చదువుల ఫీజులను ప్రభుత్వం తిరిగి చెల్లించే ఏర్పాటు విస్తృతంగా అమలైంది ఆ తరువాతే. అంటే ఈరోజు ఒక పేద రైతు కుటుంబం కష్టకాలంలో ఆశ్రయించగల ఆధారాలలో పెద్దవేవీ మీ అమ్మగారి ముందు లేవు.

ఇక మీరు రాసిన అంకెలనే తీసుకోండి. ఎనభై వేలకు నూటికి మూడు రూపాయల చొప్పున నెలకు 2,400 రూపాయలు వడ్డీ. పల్లెలో ఆడమనిషి కూలి యాభై రూపాయలు కూడా దాటని రోజులవి. నెలలో ఇరవై రోజులు పని దొరికినా వెయ్యి రూపాయలు చేతికి రావు, అది వడ్డీలో సగానికి కూడా చాలదు. అసలు మాట దేవుడెరుగు, వడ్డీ మీద వడ్డీ పెరిగి ఆ కొద్దిపాటి భూమి కూడా రాసిచ్చేయవలసిన పరిస్థితి. బెంగళూరుకు పోయి కట్టడాల దగ్గర పని చేసుకోవచ్చు కదా అంటారేమో. అలా పోయిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కానీ చాలావరకు పిల్లలను కూడా వెంటబెట్టుకుని పోయారు, బడి మాన్పించారు. మీ బడి ఆగలేదు. కువైట్‌లో నలభై దీనార్లంటే, దీనారు సుమారు 155 రూపాయలున్న ఆ రోజుల్లో, నెలకు ఆరువేల రెండు వందల రూపాయలు. చదువుకోని ఒక పల్లెటూరి స్త్రీకి ఆ మొత్తం ఇచ్చే పని ఈ చుట్టుపక్కల మరొకటి ఉండేది కాదు.

కువైటే ఎందుకు అనే సందేహానికి కూడా సమాధానం మన ప్రాంత చరిత్రలోనే ఉంది. 1970ల చమురు సంపద కాలం నుంచి కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి మనుషులు అక్కడికి పోతూనే ఉన్నారు. ఒకరు కుదురుకున్నాక తమ్ముడికో వదినకో వీసా తీయించడం, ఆ వదిన మరొక ఇంటావిడకు దారి చూపించడం, ఇలా ఊరికి ఊరే ముడిపడిపోయింది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించినప్పుడు సుమారు 1,70,000 మంది భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాలలో వెనక్కు తీసుకువచ్చారు. అలా కట్టుబట్టలతో వచ్చినవారిలో ఎందరో, యుద్ధం ముగియగానే మళ్లీ అక్కడికే ప్రయాణం కట్టారు. అక్కడి జీవితం సుఖమని వారు మళ్లీ వెళ్లలేదు, ఇక్కడ ఇంకో దారి కనిపించక వెళ్లారు.

మీ ఉత్తరంలో ఒక ప్రశ్న అసలు లేదని నేను గమనించాను. మీ నాయనగారు ఎందుకు వెళ్లలేదు? బోర్ల అప్పు చేసింది ఆయన. ఆయనను ఎవరూ ఏమీ అడగడం లేదు. ఒకవేళ ఆయనే వెళ్లి, పద్నాలుగేళ్ల తరువాత తిరిగి వచ్చి ఉంటే, మీరు ఇదే ఉత్తరం ఇదే బాధతో రాసేవారా? తండ్రి దూరదేశం పోతే బాధ్యత అంటాము, తల్లి పోతే వదిలిపెట్టి పోయింది అంటాము. ఊళ్లలో అంతటితో ఆగకుండా కువైట్‌కు పోయిన ఆడవారి గురించి ఎన్నెన్ని మాటలు అంటారో మీరూ విని ఉంటారు. ఆ మాటలు మీ చెవిన కూడా చిన్నతనంలోనే పడి ఉంటాయి. అవి మీ కోపంలో ఎంత కలిసిపోయాయో ఒకసారి విడదీసి చూసుకోండి. ఆమె పోవడానికి ఒక మామూలు కారణం కూడా ఉండవచ్చు: మగవారి వీసాకు ఏజెంట్లు అడిగే సొమ్ముతో పోలిస్తే ఇంటిపని వీసాకు తక్కువ ఖర్చయ్యేది. అప్పుల్లో ఉన్న ఇల్లు తక్కువ ఖర్చయ్యే దారినే ఎంచుకుంటుంది. ఆ ఎంపిక ఎవరు చేశారు, మీ అమ్మగారా, మీ నాయనగారా, పెద్దలందరూ కూర్చుని చేశారా అన్నది మీరు తప్పక తెలుసుకోవలసిన విషయం.

ఇక రెండేళ్ల మాట. మీ అమ్మగారు మాట తప్పారని మీ మనసులో ఉంది. ఈ లెక్క చూడండి. బోర్ల అప్పు ఎనభై వేలు, ఏజెంటుకు నలభై వేలు, మొత్తం లక్షా ఇరవై వేలు. దానికి మొదటి నెల వడ్డీయే 3,600 రూపాయలు. ఆమె జీతం 6,200. మీ తిండికీ, బట్టలకూ, బడికీ నెలకు పదిహేను వందలు తీసిపెట్టి, తన కోసం ఒక్క రూపాయి కూడా ఉంచుకోకుండా, మిగిలిన 4,700 రూపాయలూ నెల తప్పకుండా అప్పుకే కట్టారనుకుందాం. ఇరవై నాలుగు నెలలు అలా కట్టినా ఎనభై రెండు వేల రూపాయల దాకా అప్పు ఇంకా మిగిలే ఉంటుంది. అంటే ఆ రెండేళ్ల చాకిరీతో తీరింది ఏజెంటుకు కట్టిన సొమ్ము మాత్రమే, అది కూడా పూర్తిగా కాదు. ఏజెంటుకు కట్టక ముందు బోర్ల అప్పు ఎంత ఉందో 2005లోనూ ఇంచుమించు అంతే ఉంది. రెండేళ్లని చెప్పినప్పుడు ఆమె అబద్ధం చెప్పలేదు. ఈ లెక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు.

తిరిగి రావాలనుకున్నా రాగలిగేవారా అన్నది కూడా ఆలోచించండి. అప్పట్లో కువైట్ కార్మిక చట్టం ఇంటిపని చేసేవారికి వర్తించేది కాదు. రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదనీ, వారానికి ఒక సెలవు, ఏడాదికి ముప్పై రోజుల జీతంతో కూడిన సెలవు ఇవ్వాలనీ అక్కడ చట్టం వచ్చింది 2015లో. మీ అమ్మగారి పద్నాలుగేళ్లలో పన్నెండేళ్లు ఆ చట్టానికి ముందే గడిచిపోయాయి. అకామా, అంటే అక్కడ ఉండడానికిచ్చే అనుమతి, కఫీల్ (పనిలో పెట్టుకున్న యజమాని) పేరు మీద ఉంటుంది, పాస్‌పోర్టు సాధారణంగా కఫీల్ బీరువాలో ఉంటుంది. ఇల్లు వదిలి బయటకు వస్తే ఖల్లివల్లి (అనుమతి లేకుండా ఉంటున్న మనిషి) అయినట్లే, ఇక పోలీసులకు దొరికే దాకా దాక్కుని బతకాలి. మీ సమర్తకు ఆమె ఎందుకు రాలేదన్న ప్రశ్న మీరు నేరుగా ఆమెనే అడగాలి. అయితే రావడానికి ఆమె మనసు ఒక్కటే చాలదని, పరాయి ఇంటివారి అనుమతి కూడా కావలసి ఉండేదని తెలుసుకుని అడగండి.

ఇంతవరకూ రాసినది ఆమె పక్షాన రాసినట్లు ఉంటుంది. ఇక్కడ మీ పక్షాన కూడా ఒక మాట చెప్పాలి, అది దాటవేస్తే ఈ జవాబు నిజాయితీగా ఉండదు. అప్పు ఏదో ఒక సంవత్సరానికి తీరిపోయి ఉంటుంది. ఆ తరువాత ఇల్లు, ఆ తరువాత చదువు, ఆ తరువాత పెళ్లికి బంగారం. ఆ తరువాతి ఏళ్లు గడవక పోయినవి కావు, ఇంకొంచెం మెరుగ్గా బతకాలని పోయినవి. అలా కోరుకోవడం తప్పు కాదు, ఆ కోరిక ఫలితాన్ని మీరు అనుభవిస్తున్నారు కూడా. కానీ అక్కడ ఆమెకు ఎంచుకునే వీలు కొంత ఉంది. పెంకుటింటిలోనే ఉండిపోయినా అమ్మ ఇంట్లో ఉంటే చాలునని పన్నెండేళ్ల పిల్ల అనుకుని ఉండవచ్చు, ఆ పిల్లను ఎవరూ అడగలేదు. కాబట్టి 2003 నిర్ణయాన్ని మీరు మనస్ఫూర్తిగా ఒప్పుకుని, అప్పు తీరాక కూడా అక్కడే ఉండిపోయిన నిర్ణయం పట్ల బాధను అలాగే ఉంచుకోవచ్చు. అర్థం చేసుకోవడమంటే అన్నింటినీ కలిపి ఒకేసారి క్షమించేయడమని మీకు ఎవరు చెప్పినా నమ్మకండి.

నిద్రలో వదిలి వెళ్లడం గురించి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను: అది తప్పు. మన ఊళ్లలో ఇది తరతరాలుగా జరుగుతున్న పద్ధతే. పిల్ల ఏడుస్తుందని, కొంగు పట్టుకుంటుందని, ఏడుపుతో సాగనంపితే ప్రయాణానికి మంచిది కాదని పెద్దవారు సలహా ఇస్తారు. నిజానికి లేపితే తాను కదలలేనన్న భయం తల్లికే ఉంటుంది. కానీ పొద్దున్నే లేచి ఇల్లంతా వెతికిన పిల్లకు ఆ భయం సంగతి తెలియదు. తనతో చెప్పవలసినంత విలువ తనకు లేదని అనుకుంటుంది. ఆ ఉదయం గురించి మీ అమ్మగారు మీకు క్షమాపణ చెప్పవలసి ఉందని నేను అనుకుంటున్నాను. అది మీరు కోరవచ్చు. కోరితే కూతురి ధర్మం తప్పినట్లు కాదు.

"అంతా నీ కోసరమే" అన్న మాట నిజమే కావచ్చు. అయినా ఆ మాట విన్న బిడ్డకు ఇక మాట్లాడే చోటు ఉండదు, జీవితాంతం తీర్చవలసిన బాకీ ఒకటి నెత్తిన పెట్టినట్లు అవుతుంది. ఆ మాట రాకుండా ఉండాలంటే "ఎందుకు పోతివి" అని అడగకండి. ఆ ప్రశ్న ఆమెకు ఊరంతా వేసిన నిందలాగే వినిపిస్తుంది. జరిగినదేమిటో అడగండి. మొదటిసారి ఏ ఊరు నుంచి విమానం ఎక్కింది, పక్కన ఎవరున్నారు, ఆ ఇంట్లో ఎందరు పిల్లలు, రాత్రి ఎక్కడ పడుకునేది, మామా (అక్కడి మాటలో అమ్మ) అని పిలిపించుకున్న ఆ ఇంటావిడ ఎలాంటిది, భాష ఎన్నాళ్లకు వచ్చింది, మొదటి జీతం ఎవరి చేత పంపింది. పాత పాస్‌పోర్టులు ఇంట్లో ఉంటే ఇద్దరూ కలిసి తీసి చూడండి. అందులోని ముద్రలను బట్టి ఏ నెలలో వచ్చింది, ఎన్ని రోజులుంది, మళ్లీ ఎప్పుడు పోయింది అన్నీ తేలతాయి. మీ జ్ఞాపకంలో ఉన్న తేదీలకూ వాటికీ తేడా ఉండవచ్చు. పాప బడికి పోయిన సమయంలో, తొందర లేని రోజున అడగండి. ఒక్కరోజుతో ముగిసే సంభాషణ కాదు ఇది. ఆమె ఏడిస్తే ఏడవనివ్వండి, మీరు కంగారుపడి విషయం మార్చకండి.

మీ పాపను చూసి మీకు కలిగే బాధను తలచుకుని సిగ్గుపడవలసిన పని లేదు. సొంత కూతురి మీద అసూయ పడుతున్నానేమో అని మీరు భయపడుతున్నట్లున్నారు. అది అసూయ కాదు. మీకు రావలసినది ఇంకొకరికి అందడం కళ్లెదుట చూస్తున్నప్పుడు కలిగే దుఃఖం. ఆ సంగతి మీ అమ్మగారితోనే చెప్పండి. ఆమె కూడా అక్కడ వేరొకరి పిల్లలకు జడలు వేసి, అన్నం తినిపించి, నిద్రపుచ్చి ఉంటారు. మీరు చెప్పే దుఃఖం ఆమెకు కొత్తది కాకపోవచ్చు.

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లా పలమనేరు ప్రాంతం. ఆరేళ్లుగా కువైట్‌లో ఒక ఇంటి డ్రైవరుగా పనిచేస్తున్నాను. నా కొడుక్కి పదకొండేళ్లు. ఏడాదిగా వాడు నాతో ఫోనులో మాట్లాడడం మానేశాడు. రాత్రి తొమ్మిదికి పని అయ్యాక వీడియో కాల్ చేస్తే మొహం తిప్పుకుంటాడు. అడిగినవన్నీ కొనిపెడుతున్నాను. నేను ఎందుకు ఇక్కడున్నానో వాడికి ఎలా చెప్పాలి?
— ఒక తండ్రి, కువైట్

జవాబు: నాయనా, మొదట గడియారం సంగతి. కువైట్ మన కంటే రెండున్నర గంటలు వెనుక ఉంటుంది. మీకు రాత్రి తొమ్మిది అయ్యేసరికి పలమనేరులో పదకొండున్నర. నిద్రమత్తులో ఉన్న పదకొండేళ్ల పిల్లవాణ్ణి లేపి "నాయన మాట్లాడతాడు, చూడు" అంటే వాడు మొహం తిప్పుకోవడంలో ఆశ్చర్యం లేదు. మీకు శుక్రవారం ఖాళీ దొరికేటట్లయితే, మధ్యాహ్నం రెండున్నరకు చేయండి. అప్పుడు ఇక్కడ సాయంత్రం ఐదు, వాడు బడి నుంచి వచ్చి ఆటకు పోయే వేళ. వారానికి ఒక్కసారే అయినా ఆ వేళ తప్పనివ్వకండి.

వస్తువులు పంపడం తగ్గించి, లెక్కలు చెప్పడం మొదలుపెట్టండి. పదకొండేళ్ల పిల్లవాడికి కూడికలు, తీసివేతలు వస్తాయి. ఇంటి అప్పు ఎంత ఉండేది, ఎంత తీరింది, ఇంకా ఎంత ఉంది, నెలకు నాకు ఎంత వస్తుంది, మీ అమ్మకు ఎంత పంపుతాను అని కాగితం మీద రాసి చూపించండి. పిల్లలకు ఇంటి కష్టం తెలియకూడదని మన పెద్దలు అనుకుంటారు. తెలియనప్పుడు వాళ్లు ఊహించుకుంటారు, నాయనకు ఇక్కడ ఉండడం ఇష్టం లేదు కాబట్టి పోయాడని అనుకుంటారు. మీ జీతానికి కుటుంబ వీసా రాదని, అందుకే వాళ్లను తీసుకుపోలేకపోతున్నానని వాడికి ఎవరైనా చెప్పారా? చాలామంది పిల్లలకు ఈ సంగతి తెలియదు. స్నేహితుడి మేనమామ అమెరికాకు భార్యాపిల్లలను తీసుకుపోవడం చూసి, తన తండ్రి మాత్రం ఎందుకు తీసుకుపోలేదని లోలోపల కుమిలిపోతుంటారు.

తిరిగి వచ్చే తేదీ ఖాయమైతేనే చెప్పండి. సంక్రాంతికి వస్తానని చెప్పి రాకపోతే, ఆ తరువాత మీరు చెప్పే ఏ కారణాన్నీ వాడు వినడు. మార్కుల గురించి మొదటి ప్రశ్నగా అడగకండి. మీరు నడిపే కారు గురించి, అక్కడి ఎండ గురించి, మీ గదిలో ఉండే మిగతావారి గురించి మీరే ముందు చెప్పండి. మీ బతుకు ఎలా ఉంటుందో కళ్లకు కడితే, ఎందుకు ఉన్నారో వాడే అడుగుతాడు.

ప్రశ్న: నాకు ఇరవై ఎనిమిదేళ్లు. మాది శ్రీకాళహస్తి దగ్గర పల్లె. నా భర్తకు ప్రమాదంలో కాలు దెబ్బతిని పని చేయలేకపోతున్నాడు. ఆరేళ్లు, మూడేళ్ల పిల్లలున్నారు. కువైట్‌లో ఇంటిపనికి పంపుతానని ఒక ఏజెంటు అంటున్నాడు, ముందు విజిట్ వీసా మీద పోయి అక్కడ మార్చుకోవచ్చునట. మా అత్త వద్దంటోంది. పిల్లలు పెద్దయ్యాక నన్ను తప్పుపడతారేమోనని భయంగా ఉంది.
— ఒక తల్లి

జవాబు: తల్లీ, ఆ ఏజెంటుతో ఇక మాట్లాడకండి. వలసల చట్టం కింద అనుమతి అవసరమైన పద్దెనిమిది దేశాలలో కువైట్ ఒకటి. పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద ఆ షరతు ఉంటుంది. అలాంటి పాస్‌పోర్టుతో ఇంటిపనికి వెళ్లే స్త్రీకి ముప్పై ఏళ్లు నిండితే తప్ప భారత ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. మీకు ఇరవై ఎనిమిదే కాబట్టి అతడు విజిట్ వీసా మాట ఎత్తుతున్నాడు. ఆ దారిన పోయినవారి పేరు ఏ ప్రభుత్వ రికార్డులోనూ పనివారిగా ఉండదు. జీతం ఇవ్వకపోయినా, కొట్టినా, ఎక్కడ ఉన్నారో కనుక్కోవడం కూడా కష్టమవుతుంది. మీ అత్తగారు ఏ కారణంతో వద్దంటున్నా, ఈ ప్రయాణం విషయంలో ఆమె మాటే సరైనది.

ముప్పై నిండాక కూడా వెళ్లవలసిన అవసరమే ఉంటే, రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఓంక్యాప్ ద్వారా వెళ్లండి. ఏ పనికైనా విదేశాలకు పంపే రిజిస్టర్డ్ ఏజెంటు తన సేవలకు తీసుకోగల గరిష్ఠ రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ అని కూడా గుర్తుపెట్టుకోండి. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయలతో పది లక్షల ప్రమాద బీమా ఉంటుంది. అది లేకుండా విమానం ఎక్కకండి. ఈలోగా మీ భర్తకు వైకల్య ధ్రువపత్రం తీయించి పింఛనుకు దరఖాస్తు చేయండి. ఆ డబ్బు ఎంత వస్తుందో తేలాక, బయటకు వెళ్లే అవసరం ఎంత ఉందో లెక్క వేసుకోండి.

పిల్లలు తప్పుపడతారా అన్న మీ భయం గురించి. పైన తిరుపతి నుంచి రాసిన పాఠకురాలి ఉత్తరం చదివారు కదా. ఆమెను బాధపెట్టినవాటిలో పేదరికం లేదు. వెళ్లే రోజు వస్తే పెద్దపిల్లకు ముందుగానే, నాలుగైదుసార్లు చెప్పండి. చిన్నవాడికి అర్థం కాకపోయినా వాడి ఎదుటే చెప్పండి. మేలుకుని ఉన్నప్పుడే బయలుదేరండి, ఏడిస్తే ఏడవనివ్వండి. ఎంత అప్పు, ఎంత జీతం, ఎన్ని నెలలు అన్న లెక్కను మీరూ మీ భర్తా ఒక నోటు పుస్తకంలో రాసి తేదీ వేయండి. అప్పు తీరిన తరువాత ఇంకా ఉండాలా వద్దా అన్నది మళ్లీ అందరూ కూర్చుని తేల్చుకోవలసిన విషయం, అప్పటికి తొమ్మిదో పదో ఏళ్లు వచ్చే పెద్దపిల్లను కూడా ఆ మాటల్లో కూర్చోబెట్టండి. బ్యాంకు ఖాతా మీ సొంత పేరు మీదే ఉండాలి. పాస్‌పోర్టు, వీసా, పని ఒప్పందం నకళ్లు ఒక కట్ట ఇంట్లోనూ, మరొక కట్ట మీ అత్తగారి దగ్గరా ఉంచి, అందులో ఏది ఏమిటో ఆమెకు ఒక్కొక్కటిగా చూపించి చెప్పండి.